వంటామె కొడుకు సన్యాసం

థాయ్‌లాండ్‌లో నేను కాలు పెట్టింది లేదు, పెట్టే యోగమూ కనిపించడం లేదు. దోహాకు వచ్చి పదమూడేళ్ళయింది. ఇక్కడైనా నాకు తెలిసినవి బళ్ళు, ఆసుపత్రులు, మాల్‌ల పార్కింగులు, అంతే. కానీ మెకాంగ్ నది ఒడ్డున ఉన్న ఒక తాలూకా గురించి మాత్రం నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఏ మలుపులో గుడి ఉందో, ఏ నెలలో ఇసుక దిబ్బలు తేలతాయో, ఏ వీధిలో బియ్యప్పిండి రేకులు ఎండబెడతారో అన్నీ వచ్చు. ఇవన్నీ నేను డ్రైవర్‌గా పనిచేసే ఇంట్లో వంట చేసే ఆమె చెప్పినవి. ఆమెది ఆ తాలూకా. ఆమె నాకు చెప్పడం మానేసి ఏడాది కావస్తోంది. మానేయడానికి కారణం నేనే కాబట్టి, ఒంట్లో ఓపిక లేకపోయినా ఇది రాస్తున్నాను.

మాది మదనపల్లె వైపు ఒక టమాటా పల్లె. మా ఊరి వాళ్ళకు గల్ఫ్ అంతా కువైటే. ఖతార్‌లో ఉన్నానని పదమూడేళ్ళుగా చెబుతున్నా, ఫోను ఎత్తితే "కువైట్‌లో ఎండలు ఎట్ల ఉండాయబ్బా?" అనే అడుగుతారు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, కువైట్‌లో ఎండలు బాగున్నాయనే అంటున్నాను. ఉండేది అల్ హిలాల్‌లో ఒక విల్లాలో, గేటు పక్క గదిలో. ఇంటి యజమానిని బాబా అంటాం, ఆయన భార్యను మామా అంటాం. పిల్లల్ని బడిలో దించడం, మామాను ఆమె అక్కచెల్లెళ్ళ ఇళ్ళకు తిప్పడం, బయట కారులో కూర్చుని ఎదురుచూడడం నా డ్యూటీ. నడపడం కన్నా ఎదురుచూడడమే ఎక్కువ. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయని డాక్టరు అన్నాడు. ఎట్లా అరిగాయో నాకు అర్థం కాదు, నేను నడిచింది ఎక్కడ?

వంటామె ఆ ఇంటికి వచ్చి నాలుగేళ్ళు దాటింది. నాకంటే రెండేళ్ళు పెద్ద. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, వాణ్ణి తన అక్క దగ్గర వదిలి వచ్చింది. నేను ఆమెను అక్కా అంటాను. ఆమె నన్ను 'నోంగ్' అంటుంది, వాళ్ళ భాషలో తమ్ముడని. మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది అరబ్బీ ఒక్కటే, అదీ వంటింటి అరబ్బీ, కారు అరబ్బీ. ఇక్కడ నేను రాసే ఆమె మాటలన్నీ నా తెలుగులో సర్దుకున్నవే.

వారానికి మూడు పొద్దులు ఆమెను అబూ హమూర్‌లో హోల్‌సేల్ మార్కెట్టుకు తీసుకెళ్ళాలి. చేప మొప్పలు ఆమె ఎత్తి చూస్తేనే మామాకు నమ్మకం. ఆమె వచ్చిన కొత్తలో ఒకసారి కూరగాయల దగ్గర ఒక టమాటా తీసి వాసన చూసి, మొహం చిట్లించి, "మా ఊరి టమాటా ముందు ఇది టమాటానే కాదు" అంది. నాకు చుర్రుమంది. టమాటా సంగతి మదనపల్లెవాడి దగ్గరా! తిరుగు దారి పొడుగునా ఇద్దరం టమాటాల మీద పోట్లాడుకున్నాం. ఆ పోట్లాటలోనే ఆమె నది మొదటిసారి నా కారులోకి వచ్చింది.

వానాకాలం మెకాంగ్ ఒడ్లు నిండి పారుతుందట. చలికాలం వచ్చేసరికి నీళ్ళు కిందికి దిగిపోతాయి. దిగేటప్పుడు ఒడ్డు పొడుగునా నల్లటి ఒండ్రు వదిలిపోతుంది. ఆ ఏటవాలు మీద, నీటి అంచు దాకా, టమాటా నాటుతారు. బిందెలతో నీళ్ళు మోసి పోస్తారు. వాన మొదలయ్యే లోపు కాపు అయిపోవాలి, లేకపోతే నది వచ్చి తన నేల తాను తీసుకుంటుంది. పట్టాలు లేవు, గట్లు లేవు, ఏ ఇంటి వాళ్ళు ఎక్కడ నాటుకోవాలో అందరికీ తెలుసు. టమాటాలు గుజ్జు చేసి డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ కూడా ఉందట. నేను మా ఏటి గురించి చెప్పాను. ఏడాదికి రెండు రోజులు, వస్తే వస్తుంది, పెద్ద చప్పుడు చేసుకుంటూ వస్తుంది, మూడో రోజుకు మళ్ళీ ఇసుక లారీలు తిరుగుతాయి అన్నాను.

"నీళ్ళు లేకపోతే దాన్ని నది అని ఎందుకంటారు?" అని అడిగింది.

"అలవాటు కొద్దీ" అన్నాను. ఆమె చాలాసేపు నవ్వింది.

అప్పటి నుంచి మార్కెట్టుకు పోయే ఇరవై నిమిషాలూ ఆమె ఊరే. ఏసీ గాలి మొహానికి కొడుతుంటే, బయట సిమెంటు రంగు ఆకాశం, లోపల ఆమె నది. సామాన్ల చీటీ వెనక పెన్నుతో గీసి చూపించేది. నది ఇట్లా వంకర తిరుగుతుంది, ఇవతల మా తాలూకా, అవతల లావోస్. మధ్యలో నీళ్ళు తప్ప కంచె లేదు. అవతలి ఊళ్ళో పెళ్ళయితే మైకు పాట ఇవతల వినబడుతుంది. ఒకప్పుడు రెండు ఒడ్లూ ఒకే రాజ్యమట. తర్వాత ఫ్రెంచి దొరలు వచ్చి అవతలి ఒడ్డు తీసుకున్నారు. ఆ రోజు నుంచి నది సరిహద్దయింది. ఆమె అమ్మమ్మ ఇవతల ఉండిపోయింది, అమ్మమ్మ చెల్లెలు అవతల ఉండిపోయింది. ఇద్దరూ ఒకే భాష మాట్లాడుతూ, ఒకే బంక బియ్యం వండుకుంటూ రెండు దేశాల మనుషులై చచ్చిపోయారు.

యుద్ధాలప్పుడు వియత్నాం వాళ్ళు ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు దాటి వచ్చి ఆమె ఊళ్ళోనే ఉండిపోయారట. వస్తూ వస్తూ బియ్యప్పిండి రేకుల పని తెచ్చారు. మరిగే నీళ్ళ కుండ మీద గుడ్డ బిగించి, దాని మీద గరిటెతో పిండి పలుచగా తిప్పి, ఆవిరికి ఉడకగానే సన్నటి పుల్లతో లేపి వెదురు తడికెల మీద పరుస్తారు. మనం వడియాలు పెట్టుకున్నట్టే, కాకపోతే వీధి వీధంతా అదే పని. ఎండాక రేకు మీద వెదురు అల్లిక అచ్చు పడి ఉంటుంది. మబ్బు పట్టిందంటే ముసలీ ముతకా అందరూ పరిగెత్తి తడికెలు లోపలికి లాగాల్సిందే. మామా వాళ్ళింటి పెరట్లో గోడకు కొట్టే ఎండను చూసి ఆమె అప్పుడప్పుడు నిట్టూర్చేది. ఎవరికీ పనికిరాకుండా పోతున్న ఎండ అని ఆమె బాధ.

గుడి సంగతి కూడా చెప్పింది. పూర్వం నది ఒడ్డు కోసుకుంటూ వచ్చి ఒక పాత స్తూపాన్ని అమాంతం మింగేసిందట. ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు దాని కొస కనబడుతుంది. పడవలో పోయి పూలు పెట్టి వస్తారు. ఇప్పుడున్న గుడి మెట్లకు అటూ ఇటూ ఏడు పడగల నాగులు. పట్నం నుంచి వచ్చినవాళ్ళు ఆ పడగల పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. ఎగువన కొండల్లోకి పోతే జలపాతాలున్నాయి, తెల్లవారు జామున నది మీద మబ్బు పరుచుకుంటుంది, దాన్ని చూడడానికి కొండ అంచున గాజు వంతెన కట్టారు. గాజు వంతెన అంటే ఆమెకు ఒళ్ళుమంట. "నదిని నెత్తి మీద నుంచి చూసేదేంటి?" అనేది.

అన్నిటికంటే ఆమెకు ఇష్టమైనది వానాకాలం ముగిసే పున్నమి. వాళ్ళ సన్యాసులు ఆషాఢ పౌర్ణమి వెళ్ళగానే మూడు నెలలు ఊరు కదలకుండా కూర్చుంటారు, మన చాతుర్మాస్యం లాగే. ఆ దీక్ష ముగిసే ఆశ్వయుజ పౌర్ణమికి నదిలోంచి ఎర్రటి అగ్గి ముద్దలు చప్పుడు లేకుండా పైకి లేస్తాయట. నది అడుగున ఉండే నాగరాజు బుద్ధుడికి ఎత్తే హారతి అని ఊరివాళ్ళంటారు. బురద గ్యాసని చదువుకున్నవాళ్ళంటారు. అవతలి ఒడ్డున సిపాయిలు తుపాకులు పేలుస్తారని ఇంకొందరు.

"నువ్వేమంటావక్కా?" అని అడిగాను.

"నేను చాప పరుచుకుని కూర్చుంటాను. వస్తే చూస్తాను" అంది.

ఇప్పుడు నది మునుపటిలా లేదని కూడా ఆమే చెప్పింది. ఎగువన ఆనకట్టలు కట్టారు. నీళ్ళు పెరగాల్సినప్పుడు తగ్గుతున్నాయి, తగ్గాల్సినప్పుడు రాత్రికి రాత్రి పెరిగి టమాటా తోటల్ని ముంచుతున్నాయి. ఎర్రగా ఉండాల్సిన నీళ్ళు కొన్ని నెలలు సముద్రంలా నీలంగా మెరుస్తున్నాయట. చూడడానికి వచ్చినవాళ్ళు ఆహా ఓహో అంటారు. ఒండ్రు లేక నీలంగా అయిందని, చేప పడటం లేదని ఊరివాళ్ళు తల పట్టుకుంటారు. అందుకే కదా నేను ఇక్కడ నీ బాబాకు చేపలు ఏరుతున్నాను అంది. నేను హారన్ కొట్టాను.

పోయిన వేసవికి ముందు, ఒక పొద్దున కారెక్కగానే ఆమె ఇంకో రకంగా ఉంది. కళ్ళు మెరుస్తున్నాయి. నేను అద్దంలో చూసి ఏమిటక్కా అన్నాను. కొడుకుకు ఇరవై ఒకటి నిండాయి, గుడిలో చేరుతున్నాడు అంది. జుట్టు, కనుబొమలు గీసేస్తారు. ఇల్లు వదిలేస్తాడు. ఒంటిపూట తింటాడు. ఆడమనిషిని తాకడు, తల్లిని కూడా. జుట్టు మొదటి కత్తిరింపు తల్లి చేయాలి. కాషాయ బట్టలు తల్లి చేతుల మీదుగా ఇవ్వాలి. వాడు తల్లి కాళ్ళకు మొక్కి, ఇన్నాళ్ళూ చేసిన తప్పులు క్షమించమని అడుగుతాడు. ఇంత వరకు చెప్పి ఆమె ఏడ్చేసింది. "నేను పోవాలి నోంగ్. రెండు వారాలు. బట్టలు నేనే ఇవ్వాలి" అంది.

మా ఇంట్లో ఈ సంగతి మాకు బాగా తెలుసు. మా అమ్మ తమ్ముడు ఒకడు పద్దెనిమిదేళ్ళకే ఇల్లు వదిలి అరుణాచలం వైపు పోయాడు. మళ్ళీ రాలేదు. మా అవ్వ బతికినన్నాళ్ళూ ఊళ్ళోకి కాషాయం కట్టుకుని ఎవడొచ్చినా దగ్గరికి పోయి గడ్డం పక్కకు నెట్టి మొహం చూసేది. అడుక్కునేవాళ్ళు కూడా ఆమెకు అలవాటు పడి, తామే గడ్డం పక్కకు తీసి చూపించేవాళ్ళు. మా దగ్గర సన్యాసమంటే అది. బతికున్న మనిషికి స్నానం చేయడం. ఒక్కగానొక్క కొడుకును ఈమె చేతులతో ఈమే సాగనంపాలట! అదేం ఆచారం రా నాయనా అనుకున్నాను. ఆ రోజు చేపల సంచులు నేనే మోశాను.

మెసైమీర్ దగ్గర ఒక సైటులో పనిచేసే జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన నాకు స్నేహితుడు. శుక్రవారం క్యాంప్ నుంచి అబూ హమూర్ వస్తాడు, ఇద్దరం గోడ నీడన చాయ్ తాగుతాం. ఆయన ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయ్, నా ఊళ్ళో కువైట్, ఖతార్‌లో ఉన్నది మేమిద్దరమే అని ఆయన నవ్వుతుంటాడు. ఈ సంగతి ఆయనతో చెప్పాను.

"అయ్యో! ఒక్క కొడుకా? భర్త గూడ లేడా?" అన్నాడు.

"లేడు."

"మరి గా తల్లి వోయి బట్టలు చేతికిస్తే ఇగ వాడు వాపసొస్తడా? తల్లి వోకుంటే పోరడు ఆగుతడే. ఎవ్వల చేతుల మీదికెల్లి తీస్కుంటడు? నాల్గు నెలలు గడిస్తె గా పిచ్చి అదే దిగుతది. నువ్వు మీ మేడమ్‌కు చెప్పు, నువ్వు చెప్తె ఇంటది గద."

నాకు అది సబబుగా తోచింది. మా అవ్వ పోయి అడ్డం పడుకుని ఉంటే మా మామ ఆగేవాడేమో అని నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

రెండు రోజుల తర్వాత మామాను మెసైమీర్‌లో ఆమె చెల్లెలి ఇంటి నుంచి తీసుకొస్తున్నాను. వెనక సీట్లోంచి మామానే అడిగింది. వంటామె సెలవు అడుగుతోంది, పెద్దమ్మాయి పురిటికి వచ్చి ఉంది, నలభై రోజులైనా కాలేదు, ఇప్పుడే పోవాలని ఎందుకంత పట్టు, నీకేమైనా చెప్పిందా అంది. అప్పటికి ఆమె మనసు అటూ ఇటూ ఉంది. నేను ఊరుకుని ఉంటే పంపేదే. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనిది, సిగ్నల్ దగ్గర కారు ఆపి వెనక్కి తిరిగి మరీ చెప్పాను. కొడుకు ఇల్లు వదిలి సన్యాసుల్లో కలుస్తున్నాడు మామా, ఒక్కడే కొడుకు, ఈమె పోతే ఈమె చేతనే బట్టలు ఇప్పిస్తారట, కారులో కూర్చుని ఏడుస్తోంది, ఈమె పోకపోతే వాడు ఆగొచ్చు అన్నాను.

మామా చెయ్యి గుండె మీద పెట్టుకుంది. ఆమెకూ కొడుకులున్నారు. "మిస్కీన్, మిస్కీన్" అంది. అయ్యో పాపమని. కాసేపటికి, నువ్వు చెప్పడం మంచిదయింది అంది. ఆ మాటకు నేను పొంగిపోయాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ సాయంత్రం మామా వంటామెను పిలిచి, ఇప్పుడు వద్దు, నలభై రోజులు కానీ, అప్పుడు మూడు వారాలు పో, ఇది నీ మంచికే అని చెప్పింది. వంటామె రెండుసార్లు బతిమాలింది. రోజు మార్చడం కుదరదంది. మామా ఆమె భుజం నిమిరి, నాకు తెలుసు, తల్లిని నేను కూడా అంది. మూడోసారి అడగడం వంటామె మానేసింది. కారులో కూడా మాటలు తగ్గాయి. బాధలో ఉంది, కొడుకు దక్కితే తనే తేరుకుంటుందిలే అనుకున్నాను.

జూన్‌లో ఒక పొద్దున, ఆరు దాటి ఉంటుంది, టీ కోసం వంటింటి తలుపు దగ్గరికి పోయాను. లోపల డోళ్ళ మోత. ఆమె ఫోను బియ్యం డబ్బాకు ఆనించి ఉంది. తెరనిండా మనుషులు. రంగు రంగుల బట్టలు, డాన్సులు, ఈలలు. మధ్యలో గుండు చేసిన కుర్రాడు, తెల్లబట్టలు, ఎవరి భుజాల మీదో కూర్చున్నాడు, పైన గొడుగు. ముసలమ్మలు కూడా చేతులు తిప్పుతూ ఆడుతున్నారు. అందరి మొహాల్లో నవ్వే.

"ఎవరిదక్కా పెళ్ళి?" అన్నాను.

"పెళ్ళి కాదు. నా కొడుకు" అంది. "ఈ ఒక్క పొద్దు వాడి పేరు నాగ. పూర్వం నదిలో నాగ ఒకడు మనిషి వేషం వేసుకుని సన్యాసి అయ్యాడు. పట్టుబడ్డాడు. పాము సన్యాసి కాకూడదన్నారు. పోయేటప్పుడు, కనీసం నా పేరైనా మీ పిల్లలకు ఒక్కరోజు పెట్టుకోండి అని అడిగాడు. అందుకని."

నేను తెర వైపే చూస్తున్నాను. నాకేదో తేడా కొడుతోంది. "సన్యాసం పుచ్చుకుంటుంటే డాన్సులేంటక్కా? ఇంక ఇంటికి రాడు కదా?"

ఆమె నా వైపు తిరిగి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. "ఎందుకు రాడు? పదిహేను రోజులకు వస్తాడు. ఫ్యాక్టరీలో పని ఉంది కదా. ఫ్యాక్టరీ వాళ్ళే దీనికి సెలవు ఇస్తారు. మా దగ్గర ప్రతి ఇంట్లో, ప్రతి కొడుకు, ఒకసారి కూర్చుంటాడు. తల్లి కోసం. ఆ పుణ్యం తల్లిది. తల్లి ఆ కాషాయం అంచు పట్టుకుని పైకి పోతుంది అంటారు. ఆడది తను సన్యాసి కాలేదు కదా, కొడుకు ద్వారానే. ఒక్కసారే నోంగ్."

పదిహేను రోజులు. ఆమె చెప్పిన మొదటి రోజు నుంచి ఎన్ని రోజులని నేను ఒక్కసారి కూడా అడగలేదు. సన్యాసానికి రోజుల లెక్క ఉంటుందని మా దేశంలో ఎవడికైనా తోస్తుందా? తోచలేదు. జగిత్యాల మేస్త్రీకి తోచలేదు, నాకు తోచలేదు. ఇద్దరం కలిసి మంచి చేశాం.

తెర మీద గుంపు గుడి చుట్టూ మూడుసార్లు తిరిగి మెట్ల దగ్గర ఆగింది. కాషాయ బట్టల మడత ఎత్తి పట్టుకున్నది వంటామె అక్క. వంటామె పొయ్యి కట్టేసింది. చేతులు కడుక్కుంది. ఏప్రన్ విప్పేసి, భుజం మీద ఒక తుండు పక్కగా వేసుకుంది. కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని పెద్దమ్మ చేతుల్లోంచి బట్టలు అందుకుంటుంటే, ఇక్కడ ఈమె ఆ బియ్యం డబ్బా ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు ఖాళీ చేతులూ ముందుకు చాపింది. ఎవరో అక్కడ ఫోను వాడి మొహం ముందు పెట్టారు. వాడు మూడుసార్లు నేలకు తల ఆనించాడు. మూడోసారి తల ఎత్తలేదు, భుజాలు కదిలిపోతున్నాయి. ఈమె ఏదో అంటోంది వాళ్ళ భాషలో, అదే మాట మళ్ళీ మళ్ళీ. నాకు అర్థం కావాల్సిన పని లేదు. అంతలో పైనుంచి పెద్దమ్మాయి పాలు వేడి చేయమని కేకేసింది. ఈమె లేచి, కళ్ళు తుడుచుకుని, పొయ్యి వెలిగించింది. నేను టీ తాగకుండానే బయటికి వచ్చేశాను.

మూడు రోజులు ఆగాను. చెప్పకుండా ఉండిపోవచ్చు, ఎవరికి తెలుస్తుంది? మామా ఎప్పటికీ చెప్పదు, ఆమె దృష్టిలో మేము చేసింది ఉపకారం. కానీ ఆ మనిషి వెనక సీట్లో కూర్చుని, మామా ఎందుకట్లా చేసిందో తెలియడం లేదు నోంగ్, నా వంటలో ఏమైనా తప్పుందా అని నన్నే అడుగుతుంటే ఎట్లా ఊరుకోను? అబూ హమూర్ మార్కెట్టు పార్కింగులో బండి ఆపి చెప్పేశాను. మామాకు చెప్పింది నేనే అన్నాను. మా అవ్వ సంగతి, మా మామ సంగతి, గడ్డాలు నెట్టి చూడడం, అన్నీ నాకొచ్చిన అరబ్బీలో చెప్పుకొచ్చాను. నా మీద నాకే అసహ్యం వేసేంత సేపు మాట్లాడాను.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. "నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా" అంది. సంచులు తీసుకుని దిగి చేపల షెడ్డు వైపు పోయింది.

అంతే. ఆ తర్వాత నది మాట ఎత్తలేదు. నోంగ్ అనడం మానలేదు, నా టీ ఆపలేదు, శుక్రవారం నాకు కారం వేరుగా చేసి పెట్టడం మానలేదు. ఊరి సంగతి మాత్రం లేదు. ఆగస్టులో మామా మాట నిలబెట్టుకుని మూడు వారాలు పంపింది. ఆమె పోయేసరికి కొడుకు మళ్ళీ ఫ్యాక్టరీలో ఉన్నాడు, రెండు ఆదివారాలు వచ్చి పోయాడట. వాడి తల మీద వెంట్రుకలు వేలెడు పెరిగాయని మామాతో చెబుతుంటే విన్నాను. ఆశ్వయుజ పౌర్ణమి వచ్చి పోయింది. మార్కెట్టు దారిలో ఏసీ చప్పుడు ఒక్కటే. నేనే ఒకసారి ఉండబట్టలేక, ఈసారి నదిలో అగ్గి లేచిందా అక్కా అన్నాను. తెలియదు అంది.

పోయిన నెల మార్కెట్టు నుంచి వస్తుంటే మా చెల్లెలు ఫోను చేసింది. బండి నడుపుతున్నాను కదా, స్పీకర్లో పెట్టాను. దానికి పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు కొడుకు పుట్టాడు. వాడికి పుట్టెంట్రుకలు తీయించాలి.

"అనా, నువ్వు రాకుంటే ఎట్లనా? మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టకుండా కత్తెర పెట్టేది యాడన్నా ఉండాదా? ఉండేది నువ్వొక్కడివే గదా" అంది.

"బాబా వాళ్ళు ఊరికి పోయే కాలమ్మా ఇది. సెలవియ్యరు. ఎవుర్నన్నా వరసకు చూసి కూర్చోబెట్టుకోండి" అన్నాను.

అది ఏడుపు గొంతుతో పెట్టేసింది. సెలవు అడగాలని కూడా నాకు అనిపించలేదు. ఆ ఇంట్లో సెలవు అడిగే మొహం నాకెక్కడిది?

వెనక సీట్లోంచి వంటామె అడిగింది. "ఎవరు ఏడ్చింది?"

చెల్లెలన్నాను. ఎందుకంది. చెప్పాను. ఆమె ముందుకు జరిగి సీటు పట్టుకుంది. ఎవరి జుట్టు? ఎవరి ఒళ్ళో కూర్చోవాలి? నువ్వు కాకుండా ఇంకొకరు పనికిరారా? ఏ రోజు? రోజు మారుస్తారా? ఎన్ని రోజులు కావాలి? ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా, ప్రతి జవాబూ పూర్తయ్యే దాకా ఆగి అడిగింది. నేను ముందుకు చూస్తూ చెబుతున్నాను. రోడ్డు సరిగా కనబడటం లేదు.

మరునాడు మామా పిలిచింది. ఎనిమిది రోజులు చాలా, పది కావాలా అంది. "ఆమె అంతా చెప్పింది. నువ్వు లేకపోతే ఆ బిడ్డకు కత్తెర తగలదట కదా. ముందే నన్ను అడగొచ్చు కదా" అంది.

పది రోజులు దొరికాయి. పెరటి తలుపు దగ్గర వంటామె చేపలు శుభ్రం చేస్తోంది. అక్కా అన్నాను. తల ఎత్తింది. అక్కడే నిలబడ్డాను. "పో నోంగ్, బట్టలు సర్దుకో" అని మళ్ళీ కత్తి అందుకుంది. పదమూడేళ్ళలో ఆరుసార్లు ఊరికి పోయాను. ఇంత సిగ్గుతో ఎప్పుడూ పెట్టె సర్దుకోలేదు.